మూడణాల లెక్క అడిగిన మనిషి

1964 మే నెలాఖరు. మిసిసిపీ రాష్ట్రంలోని జాక్సన్ పట్నం. తెల్లటి పంచె, కుర్తా, కాళ్లకు మామూలు చెప్పులతో ఓ పొట్టి మనిషి ఊళ్లోని ఓ కాఫెటీరియా తలుపు దగ్గరకు వచ్చాడు. వయసు యాభై నాలుగేళ్లు. లోపలికి రానివ్వం అన్నారు. చర్మం రంగు తప్ప వేరే కారణం లేదు. ఆయన గొడవపడలేదు, వెనక్కి వెళ్లిపోయాడు. కానీ రేపు మళ్లీ వస్తానని ముందుగానే కబురు చేశాడు. మర్నాడు అన్నమాట ప్రకారం వచ్చాడు. ఈసారి తలుపు దగ్గర పోలీసులున్నారు. వెళ్లిపొమ్మంటే వెళ్లనన్నాడు. పట్టుకుని వ్యానెక్కించారు, కాసేపటికి వదిలేశారు.

ఆ వచ్చింది భారత పార్లమెంటు సభ్యుడని తెలిశాక వాషింగ్టన్‌లో కంగారు మొదలైంది. అమెరికా విదేశాంగ శాఖ క్షమాపణ చెప్పింది. ఐక్యరాజ్యసమితిలో అమెరికా రాయబారిగా ఉన్న అడ్లాయ్ స్టీవెన్సన్ కూడా విచారం వెలిబుచ్చారు. నాకెందుకు చెబుతారు, చెప్పాల్సింది మీ స్వేచ్ఛా ప్రతిమకు కదా అని ఆయన జవాబిచ్చారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఓ విదేశీ అతిథికి జరిగిన అవమానంగా దాన్ని సర్దిపుచ్చడం ఆయనకు ఇష్టం లేదు. ఆ ఊళ్లో పుట్టి పెరిగిన నల్లజాతివాళ్లకు రోజూ జరిగేదే తనకూ జరిగిందన్నది ఆయన వాదన. తను ఎంపీ కాబట్టి క్షమాపణ దొరికింది, వాళ్లకు అదీ లేదు.

ఆ తర్వాత నెల తిరిగేసరికి, జూలై 2న, జాన్సన్ పౌరహక్కుల చట్టం మీద సంతకం పెట్టారు. మరుసటి ఏడు వలస చట్టం మారింది. ఈ దేశంలో మన తెలుగు కుటుంబాల్లో ఎక్కువ భాగం అడుగుపెట్టింది ఆ మారిన చట్టం పుణ్యాన్నే. ఇవాళ శనివారం సాయంత్రం పిల్లల్ని తీసుకుని ఏ హోటల్‌కి వెళ్లాలా అని ఆలోచిస్తాం తప్ప, రానిస్తారా లేదా అని ఆలోచించం. ఆ తలుపు దగ్గర మన దేశం మనిషి కూడా ఒకాయన నిలబడ్డారని మనలో ఎందరికి తెలుసు?

ఆయన పేరు డాక్టర్ రామ్ మనోహర్ లోహియా. జాక్సన్‌లో అరెస్టయ్యే సమయానికి ఢిల్లీ ప్రభుత్వానికి ఆయనంటే తలనొప్పి. అంతకు తొమ్మిది నెలల ముందే లోక్‌సభలో నిలబడి, ఈ దేశంలో పేదవాడు రోజుకు ఎన్ని అణాలతో బతుకుతున్నాడో చెప్పమని సాక్షాత్తూ నెహ్రూని నిలదీశారు. అక్కడ అణాల లెక్క, ఇక్కడ కాఫెటీరియా తలుపు. రెండూ ఆయనకు ఒకటే ప్రశ్న.

లోహియా 1910 మార్చి 23న ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లోని అక్బర్‌పూర్‌లో పుట్టారు. మార్వాడీ వ్యాపార కుటుంబం. తండ్రి హీరాలాల్ మాత్రం బడిపంతులు, గాంధీగారి మనిషి. తల్లి చందా ఈయనకు మూడేళ్లయినా నిండకముందే పోయింది. తండ్రి పిల్లవాణ్ని వెంటేసుకుని కాంగ్రెస్ సభలకు తిరిగేవారు. 1920లో తిలక్ చనిపోయినప్పుడు పదేళ్ల లోహియా బడిపిల్లల్ని పోగేసి హర్తాళ్ చేయించాడట. ఆయన ఇరవై ఒకటో పుట్టినరోజునే, 1931 మార్చి 23న, భగత్‌సింగ్‌ని ఉరితీశారు. అప్పటినుంచి పుట్టినరోజు జరుపుకోవడం మానేశారు. ఎవరైనా దండలు తెస్తే ఆ రోజు ఎవరిదో గుర్తుచేసి పంపేసేవారు.

బొంబాయిలో స్కూలు, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఇంటర్మీడియెట్, కలకత్తా విద్యాసాగర్ కాలేజీలో బీఏ. పైచదువుకి అందరూ ఇంగ్లండు వెళ్లేవారు. ఈయనా వెళ్లారు గానీ అక్కడ మనసు నిలవలేదు. మనల్ని ఏలేవాళ్ల దగ్గర చదువేమిటని బెర్లిన్ చేరారు. అప్పటికప్పుడు జర్మన్ నేర్చుకుని ఆ భాషలోనే చదివారు. పరిశోధనకు ఎంచుకున్న విషయం ఉప్పు పన్ను. దండి యాత్ర జరిగిన రోజులవి. ఇక్కడ గాంధీగారు పిడికెడు ఉప్పు తీస్తుంటే, అక్కడ ఈ కుర్రాడు ఆ ఉప్పు మీద పన్ను పేదవాడి ఇంట్లోంచి ఎంత లాక్కుంటోందో లెక్క కడుతున్నాడు. పెద్ద రాజకీయాన్ని పేదవాడి వంటింట్లోకి తెచ్చి తూచడం అనే అలవాటు ఆయనకు అక్కడే మొదలైందని నాకు అనిపిస్తుంది.

1930లో జెనీవాలో నానాజాతి సమితి సమావేశం జరిగింది. భారతదేశం తరఫున మాట్లాడటానికి బ్రిటిష్‌వాళ్లు బికనీర్ మహారాజుని పంపారు. ఆయన లేచి మాట్లాడుతుంటే పైన ప్రేక్షకుల గ్యాలరీలోంచి ఈల వినిపించింది. ఈల వేసింది లోహియా. బయటకు గెంటేశారు. ఊరుకోకుండా, మన దేశంలో జరుగుతున్న అణచివేత ఏమిటో వివరిస్తూ అక్కడి పత్రికకు ఉత్తరం రాశారు. విదేశాంగ విధానం మీద ఆయన మొదటి జోక్యం ఆ ఈలే అనుకోవాలి.

1933లో డాక్టరేట్‌తో తిరిగొచ్చారు. అప్పటికి హిట్లర్ గద్దెనెక్కాడు. ఓడ మద్రాసులో దిగింది. జేబులో పైసా లేదు. హిందూ పత్రిక ఆఫీసుకి వెళ్లి, అక్కడికక్కడే కూర్చుని వ్యాసాలు రాసిచ్చి, ఆ డబ్బుతో కలకత్తా రైలెక్కారని చెబుతారు. జీవితాంతం ఆయన ఆర్థిక పరిస్థితి దాదాపు అంతే. పెళ్లి చేసుకోలేదు, ఇల్లు కట్టలేదు.

1934లో కాంగ్రెస్‌లోపల సోషలిస్టు పార్టీ పుట్టినప్పుడు జయప్రకాశ్ నారాయణ్, నరేంద్రదేవ్‌లతో పాటు ఆయనా ఉన్నారు. రెండేళ్లకు నెహ్రూ ఆయన్ని అలహాబాదుకి పిలిపించి కాంగ్రెస్ విదేశీ విభాగం అప్పగించారు. అప్పటికి ఆయన వయసు 26. స్వాతంత్ర్యం రాకముందే విదేశాంగ శాఖ నడపడమన్నమాట. ప్రపంచంలోని వలస దేశాల ఉద్యమాలతో ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపేవారు. ఆ రోజుల్లోనే విదేశాల్లో ఉన్న భారతీయుల గురించి ఓ చిన్న పుస్తకం రాశారు. అప్పట్లో విదేశాల్లో భారతీయులంటే సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు కాదు. ఫిజీ, మారిషస్, మలయా, దక్షిణాఫ్రికా చెరుకు తోటల్లోనూ రబ్బరు తోటల్లోనూ నడుం విరిగిన కూలీలు. వాళ్లలో మన ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి ఓడలెక్కినవాళ్లూ బోలెడంతమంది.

నెహ్రూకీ లోహియాకీ మధ్య అప్పుడున్నది గురుశిష్యుల అనుబంధం. ఈ మాట గుర్తుంచుకోవాలి. తర్వాత లోహియా నెహ్రూ మీద వాడిన పదునంతా తెలియని శత్రువు మీద వాడింది కాదు.

యుద్ధం మొదలయ్యాక జైళ్లు మొదలయ్యాయి. 1942లో క్విట్ ఇండియా పిలుపు రాగానే పెద్ద నాయకులంతా లోపలికి పోతే, లోహియా అజ్ఞాతంలోకి వెళ్లారు. బొంబాయిలో ఉషా మెహతా బృందం నడిపిన రహస్య కాంగ్రెస్ రేడియోకి వెనక ఉన్నవాళ్లలో ఆయన ఒకరు. తర్వాత నేపాల్ అడవుల్లో జయప్రకాశ్‌తో కలిసి దళాలు కట్టే ప్రయత్నం. 1944 మేలో బొంబాయిలో పట్టుబడ్డారు. లాహోర్ కోటలో పెట్టి నిద్రపోనివ్వకుండా రోజుల తరబడి హింసించారు. తండ్రి చనిపోయింది ఈయన జైల్లో ఉండగానే. 1946 ఏప్రిల్‌లో విడుదలయ్యారు. ఒళ్లు బాగుచేసుకుందామని మిత్రుడు డాక్టర్ జూలియావ్ మెనెజెస్ ఇంటికి గోవా వెళ్లారు. అక్కడ నలుగురు కలిసి మీటింగు పెట్టుకోవాలన్నా పోర్చుగీసు సర్కారు అనుమతి కావాలని తెలిసింది. ఇక విశ్రాంతి ఎక్కడిది? జూన్ 18న మడ్‌గావ్‌లో నిషేధాన్ని ధిక్కరించి సభ పెట్టి అరెస్టయ్యారు. గోవా విమోచన 1961 డిసెంబరులో జరిగినా, గోవావాసులు జూన్ 18ని క్రాంతి దినంగా ఇప్పటికీ జరుపుకుంటారు. మడ్‌గావ్‌లో ఆ మైదానానికి ఆయన పేరే.

స్వాతంత్ర్యం వచ్చింది. గురువుగారు ప్రధాని అయ్యారు. 1948లో సోషలిస్టులు కాంగ్రెస్ నుంచి బయటకొచ్చారు. పిడికెడు మందితో ప్రతిపక్షం కట్టాలి. ఆ పనికి లోహియా మనసు పెట్టిన తీరు చూస్తే, ఆయన దృష్టిలో ఇంటి విషయం, బయటి విషయం అని రెండు వేర్వేరు ఖాతాలు లేవని తెలుస్తుంది.

1949 మేలో నేపాల్ రాణాల నిరంకుశత్వానికి వ్యతిరేకంగా ఢిల్లీలో నేపాల్ రాయబార కార్యాలయం ముందు ప్రదర్శన చేశారు. అరెస్టు చేశారు. స్వతంత్ర భారతంలో ఆయనకది తొలి జైలు. మండుటెండల కాలం. నెహ్రూ జైల్లో ఉన్న శిష్యుడికి ఓ బుట్టెడు మామిడిపళ్లు పంపించారు. హోంమంత్రి పటేల్‌కి అది బొత్తిగా నచ్చలేదంటారు. అరెస్టు చేసేదీ మన ప్రభుత్వమే, పళ్లు పంపేదీ మన ప్రధానేనా అని ఆయన బాధ. ఇవాళ్టి రాజకీయాలు చూసేవాళ్లకు ఈ సంగతి కట్టుకథలా ఉంటుంది.

మరుసటి ఏడు చైనా సేనలు టిబెట్‌లోకి ప్రవేశించాయి. ఢిల్లీ ఆచితూచి మాట్లాడింది. లోహియా దాన్ని పసిబిడ్డ హత్యతో పోల్చారు. టిబెట్, నేపాల్, భూటాన్, సిక్కిం, ఈశాన్య కొండప్రాంతాల ప్రజలతో స్నేహం, అక్కడ ప్రజాస్వామ్యం, అభివృద్ధి ఇవన్నీ కలిపి హిమాలయ విధానం ఒకటి ఉండాలని, కొండల్లో మనుషుల్ని పట్టించుకోకుండా పటాల మీద గీతలు గీస్తే సరిహద్దు నిలవదని పదేళ్లకు పైగా చెబుతూనే వచ్చారు. ఈశాన్య సరిహద్దు ప్రాంతానికి, అంటే ఇప్పటి అరుణాచల్‌కి, వెళ్లాలంటే పర్మిట్ కావాలన్నారు. సొంత దేశంలో పౌరుడికి పర్మిట్ ఏమిటని లేకుండానే వెళ్లి అక్కడా అరెస్టయ్యారు. 1962లో జరిగింది అందరికీ తెలిసిందే. నేను ముందే చెప్పానని సంబరపడే రకం కాదాయన. కానీ వదిలిపెట్టనూ లేదు. సరిహద్దు ఉదాసీనత మీద ఆయన రాతలన్నీ 1963లో పుస్తకంగా వచ్చాయి. అచ్చయింది ఎక్కడో కాదు, మన హైదరాబాదులో.

అలీన విధానాన్ని ఆయన పూర్తిగా కాదనలేదు. అమెరికా కూటమీ వద్దు, రష్యా కూటమీ వద్దు, మూడో శిబిరం కావాలన్నది ఆయన మాట కూడా. తేడా ఎక్కడంటే, ప్రపంచానికి శాంతి పాఠాలు చెబుతూ పక్కింటి మీద దౌర్జన్యం జరిగితే గొంతు తగ్గించడం ఆయనకు మింగుడుపడలేదు. ఇంకో అడుగు ముందుకు వేసి, వయోజన ఓటుతో ఎన్నికైన ప్రపంచ పార్లమెంటు కావాలని, మనిషి పాస్‌పోర్టు లేకుండా తిరగగలగాలని కలలు కన్నారు. కాన్సులేట్ బయట క్యూలో నిలబడ్డప్పుడల్లా ఆ కల నాకు గుర్తొస్తుంది.

1951లో అమెరికా మొదటిసారి వచ్చారు. ప్రిన్స్‌టన్‌లో ఐన్‌స్టీన్‌ని కలిశారు. దక్షిణాది రాష్ట్రాలు తిరిగి, నల్లజాతి యువకులతో కూర్చుని, గాంధీ పద్ధతి మీకూ పనికొస్తుంది, అన్యాయమైన చట్టాన్ని శాంతంగా ధిక్కరించి జైలుకి వెళ్లండి అని చెప్పారు. మాంట్‌గోమరీ బస్సుల బహిష్కరణకు ఇది నాలుగేళ్ల ముందు మాట. ఆ పర్యటనలో వెంట తిరిగి పుస్తకం రాసిన హారిస్ వాఫర్డ్ తర్వాత కెన్నెడీకి పౌరహక్కుల సలహాదారయ్యాడు, పెన్సిల్వేనియా నుంచి సెనేటర్ కూడా అయ్యాడు. ఆ ఒక్క పర్యటనతో అంతా జరిగిందని ఎవరూ అనరు. కానీ 1964లో జాక్సన్ తలుపు దగ్గర ఆయన చేసింది పదమూడేళ్ల క్రితం తను ఇతరులకు చెప్పిందే.

ఇదే పట్టింపు సొంత పార్టీ మీదా చూపించారు. 1954లో తిరువాన్కూర్-కొచ్చిన్‌లో పట్టం థాను పిళ్లై నాయకత్వంలో ప్రజా సోషలిస్టు ప్రభుత్వం ఉండేది. పోలీసు కాల్పుల్లో జనం చనిపోయారు. లోహియా ఆ పార్టీ ప్రధాన కార్యదర్శి. అప్పటికి ఆయన ఉత్తరప్రదేశ్ జైల్లో ఉన్నారు. నీటి తీరువా పెంచితే కట్టొద్దని రైతులకు చెప్పినందుకు పెట్టిన కేసది. ప్రజల మీద కాల్పులు జరిపిన ప్రభుత్వం మనదైనా సరే రాజీనామా చేయాల్సిందేనని జైలు నుంచే పట్టుబట్టారు. పార్టీ పెద్దలు వినలేదు. ఈయన పదవి వదిలేశారు, చివరికి పార్టీయే పోయింది. ఎంతో కష్టపడి తెచ్చుకున్న ఒక్క ప్రభుత్వాన్ని వదులుకోవడం తెలివైన పనా అని వాదించేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. కాంగ్రెస్ కాల్పుల్ని ఖండించే నోటితో సొంత కాల్పుల్ని సమర్థిస్తే ఇక ప్రతిపక్షానికి మిగిలేదేమిటన్నదే ఆయన ప్రశ్న. ఆ నీటి తీరువా కేసులో మాత్రం ఆయనే గెలిచారు. నోరు విప్పినందుకు జైల్లో పెట్టే ఆ పాత చట్టం చెల్లదని 1960లో సుప్రీంకోర్టు తేల్చింది. బీహార్‌లో ఆయన్ని నిర్బంధించిన మరో కేసులో 1965లో వచ్చిన తీర్పుని లా చదివే పిల్లలు ఇప్పటికీ చదువుతారు. శాంతిభద్రతల పేరు చెప్పి ఎవరినిబడితే వారిని నిర్బంధించడానికి హద్దులు గీసిన తీర్పది.

పార్టీ పోయాక కొత్త పార్టీ కావాలి. అది పుట్టింది హైదరాబాదులో, 1955 డిసెంబరు చివర. లోహియాకి హైదరాబాదుతో ఉన్న బంధం మనవాళ్లలోనే చాలామందికి తెలియదు. చరిత్ర గమనం మీద ఆయన చేసిన ఉపన్యాసాలు 1952లో అక్కడివే. 1956 నుంచి మాన్‌కైండ్ అనే పత్రికను అక్కడినుంచే నడిపారు. ఆయన పుస్తకాలు చాలావరకు అచ్చేసింది హైదరాబాదు నవహింద్ వాళ్లే. వీటన్నిటి వెనకా బద్రీవిశాల్ పిత్తి అనే హైదరాబాదు సంపన్నుడు ఉన్నారు. వ్యాపార కుటుంబంలో పుట్టి సోషలిజానికి డబ్బు ఖర్చుపెట్టిన అరుదైన మనిషి. ధనవంతుల డ్రాయింగు రూముల్లో వేలాడే బొమ్మలు ఎందుకు, పల్లెజనానికి తెలిసిన రామాయణం గీయరాదా అని ఎం.ఎఫ్. హుస్సేన్‌ని లోహియా కదిలిస్తే, హుస్సేన్ పిత్తిగారింట్లో మకాం పెట్టి ఏళ్ల తరబడి రామాయణ చిత్రాలు గీశారు. అటు ఉత్తరాంధ్రలో విజయనగరం సంస్థానాధీశుడు పి.వి.జి. రాజు కూడా ఆ రోజుల్లో లోహియా పార్టీ మనిషే. 1957లో విశాఖపట్నం నుంచి సోషలిస్టుగా లోక్‌సభకి గెలిచారు. రాజుగారు సోషలిస్టేమిటని అప్పట్లో ఊళ్లో నవ్వుకున్నవాళ్లూ ఉన్నారు.

1962లో లోహియా నేరుగా నెహ్రూ మీదే పోటీకి దిగారు, ఫూల్‌పూర్‌లో. గెలవనని ఆయనకీ తెలుసు. ఓడిపోయారు. ఆ తర్వాత చైనా యుద్ధం వచ్చి దేశం మనసు విరిగింది. 1963 మేలో జరిగిన ఉప ఎన్నికల్లో ఫరూఖాబాద్ నుంచి లోహియా, అమ్రోహా నుంచి కృపలానీ, రాజ్‌కోట్ నుంచి మీనూ మసానీ గెలిచారు. యాభై మూడేళ్ల వయసులో లోహియా మొదటిసారి లోక్‌సభలో అడుగుపెట్టారు. మూడు నెలలు తిరక్కముందే, ఆగస్టులో, కృపలానీ నెహ్రూ ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం పెట్టారు. స్వతంత్ర భారత చరిత్రలో అదే మొదటిది. నెగ్గదని అందరికీ తెలుసు. ఓటింగులో అనుకూలం 62, వ్యతిరేకం 347. కానీ జనానికి గుర్తుండిపోయింది ఆ ఓట్లు కాదు, అణాలు.

ఆ చర్చలో లోహియా లేచి, ఈ దేశంలో 27 కోట్ల మంది రోజుకు మూడణాల మీద బతుకుతున్నారన్నారు. అంటే అప్పటి జనాభాలో నూటికి అరవై మంది. ప్రధాని మీద రోజుకు పాతిక వేల రూపాయలు ఖర్చవుతోందని దాని పక్కనే పెట్టారు. సభ అట్టుడికింది. నెహ్రూ కోపంగా, మూడణాలు కాదు పదిహేనణాలు అన్నారు. కొత్తతరం వాళ్ల కోసం చెప్పాలంటే రూపాయికి పదహారణాలు. మూడణాలంటే పంతొమ్మిది పైసలు. పదిహేనణాలన్నా ఏడాదికి 342 రూపాయలే.

ఇద్దరిలో ఎవరిది తప్పు? నెహ్రూ చెప్పింది సగటు. లోహియా అడిగింది కింద ఉన్నవాడి లెక్క. ఓ ఊరనుకోండి. అందులో ఒక దొరకి రోజుకు వంద రూపాయల ఆదాయం, తొంభై తొమ్మిది మంది కూలీలకు తలా మూడణాలు. మొత్తం కలిపి నూరుమందికీ పంచితే సగటు పంతొమ్మిదణాలు తేలుతుంది. కాగితం మీద ఊరంతా బాగున్నట్టే. దొరని పక్కకు జరిపి చూడండి అన్నదే లోహియా పట్టు. సెప్టెంబరులో దీనిమీద విడిగా చర్చ జరిగింది. ప్రణాళికా మంత్రి గుల్జారీలాల్ నందా లెక్కలు తీసి, కింది అరవై శాతానికి ఏడున్నర అణాలని చెప్పారు. పదిహేను కాస్తా ఏడున్నర అయింది! లోహియా దానికీ ఒప్పుకోలేదు. సర్కారు పుస్తకాల్లోంచే అంకెలు తీసి, ఇందులో ఏది కలిపారు, ఏది దాచారు అని విడదీసి చూపారు.

మూడు అనేది కచ్చితమైన అంకె అని నేనూ అనుకోను. ఆర్థికవేత్తలు అప్పుడే దాన్ని తక్కువ లెక్కన్నారు. కానీ అంతవరకూ సభలో సగటు జాతీయాదాయం ఇంత పెరిగిందంటే అంత పెరిగిందని చప్పట్లు కొట్టేవారు. ఆ చర్చ తర్వాత కింది మెట్టు మీదవాడి ఆదాయం ఎంత అన్న ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఏ ప్రణాళికా మంత్రీ తప్పించుకోలేకపోయాడు. లోహియా ఆ సభకి రావడానికి ముందు, 1962లోనే నిపుణుల బృందం ఒకటి మనిషికి నెలకు కనీసం 20 రూపాయలు ఉండాలని లెక్క తేల్చింది. అది రోజుకు పదిన్నర అణాల పైచిలుకు. ఆ కనీసం పక్కన నందా గారి ఏడున్నర పెట్టి చూసుకోండి, ప్రభుత్వం తన లెక్కతో తనే ఏం ఒప్పుకుందో తెలుస్తుంది.

లోహియా సభలో ఎత్తిన విషయాలు కొన్ని పెద్దమనుషులకు ఇబ్బందిగా ఉండేవి. పల్లెల్లో ఆడవాళ్లు మరుగుదొడ్డి లేక చీకటి పడేదాకా ఆగి బహిర్భూమికి వెళ్లడం గురించి, కట్టెల పొయ్యి పొగకి కళ్లు పోవడం గురించి ఆయన మాట్లాడారు. అప్పట్లో ఇవి పార్లమెంటు విషయాలా అని ముక్కున వేలేసుకున్నారు. దశాబ్దాల తర్వాత మరుగుదొడ్లకీ గ్యాస్ సిలిండర్లకీ జాతీయ పథకాలొచ్చాయి. సావిత్రి కంటే ద్రౌపదే మన ఆడపిల్లలకు ఆదర్శం కావాలని, ప్రశ్న అడిగిన ఆడది ఆవిడేనని రాశారు. తిట్టుకున్నవాళ్లు తిట్టుకున్నారు.

కులం విషయంలో ఇంకా సూటిగా ఉండేవారు. మన సోషలిస్టులూ కమ్యూనిస్టులూ ధనిక పేద తేడాలు చెబుతూ కులాన్ని దాటేసేవారు. వెనకబడిన కులాలు, దళితులు, ఆదివాసీలు, స్త్రీలు, ముస్లింలలో వెనకబడినవారు, వీళ్లందరికీ కలిపి నాయకత్వ స్థానాల్లో అరవై శాతం ఇవ్వాలని ఆయన పార్టీ చేత తీర్మానం చేయించారు. సామర్థ్యం వచ్చాక అవకాశం కాదు, అవకాశమిస్తే సామర్థ్యం వస్తుందన్నది ఆయన వాదం. అంబేద్కర్‌తో కలిసి పనిచేయాలని ఉత్తరాలు నడిపారు. అవి కొలిక్కి రాకముందే 1956 డిసెంబరులో అంబేద్కర్ కన్నుమూశారు. ఆ ఇద్దరూ ఒకే వేదిక మీదకు వచ్చి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవడమే. లోహియా శిష్యుడు కర్పూరీ ఠాకూర్ 1978లో బీహార్‌లో వెనకబడినవారికి రిజర్వేషన్లు తెచ్చారు. మండల్ ఆ తర్వాతి కథ.

అన్నిట్లోనూ ఆయనతో ఏకీభవించలేం. ఇంగ్లీషు పోవాలన్న ఉద్యమం తీసుకోండి. పాలన, కోర్టు, చదువు జనం భాషలో లేకపోతే పేదవాడు తన దేశంలోనే పరాయివాడు అన్నది నిజమే, తెలుగువాడికీ అది నిజమే. కానీ ఉత్తరాదిలో ఆ నినాదం బోర్డుల మీద తారు పూయడం దాకా పోయింది, దక్షిణాదిలో అది హిందీ పెత్తనంగా వినిపించింది. తెలుగు, తమిళం తమతమ చోట్ల రాజ్యమేలాలనే ఆయన చెప్పినా, ఆ మాట మద్రాసు దాకా చేరలేదు. పైగా ఆయన సొంత పత్రిక మాన్‌కైండ్ ఇంగ్లీషే! నెహ్రూ మీద విమర్శ కూడా ఒక్కోసారి విధానం దాటి మనిషి మీదకు వెళ్లేది. పార్టీలు చీల్చడంలో కూడా ఆయనకు సాటి లేదని సాటి సోషలిస్టులే వాపోయేవారు.

1964 మే 27న నెహ్రూ చనిపోయినప్పుడు లోహియా అమెరికాలో ఉన్నారు. జాక్సన్ సంఘటన సరిగ్గా ఆ రోజుల్లోదే. మామిడిపళ్లు పంపిన గురువు లేడు, సభలో ఎదురుగా నిలబడి కోప్పడే ప్రధానీ లేడు. ఆ వార్త విన్నప్పుడు ఆ మనిషి లోపల ఏం జరిగిందో ఎవరికి తెలుసు?

తిరిగొచ్చాక మిగిలిన మూడేళ్లూ ఒకే పని మీద పెట్టారు. ప్రతిపక్షాలు తమలో తాము కొట్టుకుంటూ ఓట్లు చీల్చుకుంటే కాంగ్రెస్ ఎప్పటికీ ఓడదు కాబట్టి అందరూ ఒక్కటవ్వాలి. జనసంఘ్ నుంచి కమ్యూనిస్టుల దాకా ఎవరైనా సరే. అంతకుముందే, 1964 ఏప్రిల్‌లో, జనసంఘ్ నేత దీనదయాళ్ ఉపాధ్యాయతో కలిసి భారత్ పాకిస్తాన్‌ల సమాఖ్య కావాలని ప్రకటన ఇచ్చారు. జీవితమంతా కులం మీదా మతపిచ్చి మీదా పోరాడిన మనిషి జనసంఘ్‌తో చేతులు కలపడం శిష్యుల్లోనే కొందరికి నచ్చలేదు. ఆయన లెక్క వేరు. ఒకే పార్టీ ఇరవై ఏళ్లు గద్దె మీదుంటే జవాబు చెప్పే అలవాటు పోతుంది, ముందు అది మారాలి. 1967 ఎన్నికల తర్వాత అమృత్‌సర్ నుంచి కలకత్తా దాకా కాంగ్రెస్ పాలన తగలకుండా రైల్లో వెళ్లొచ్చని జనం చెప్పుకునే రోజులొచ్చాయి. మన రాష్ట్రంలో ఆ మార్పుకి 1983 దాకా ఆగాల్సి వచ్చింది. ఉత్తరాదిలో వచ్చిన ఆ సంకీర్ణాలు మాత్రం ఎక్కువకాలం నిలవలేదు. పదవులు దొరగ్గానే సోషలిస్టులూ మిగతావాళ్లలాగే తయారయ్యారని లోహియాయే ముందు విసుక్కున్నారు. ఆ ఎన్నికల్లో ఆయన కన్నౌజ్ నుంచి కొన్ని వందల ఓట్ల తేడాతో బయటపడ్డారు.

అదే ఏడాది సెప్టెంబరు చివర్లో ప్రోస్టేట్ ఆపరేషన్ కోసం ఢిల్లీలోని వెల్లింగ్డన్ ఆసుపత్రిలో చేరారు. ప్రభుత్వ ఆసుపత్రే. ఆపరేషన్ తర్వాత ఒళ్లు తిరగబెట్టింది. కూలీలు, రిక్షావాళ్లు, విద్యార్థులు, మంత్రులు ఆసుపత్రి ఆవరణలో రోజుల తరబడి కాచుకున్నారు. 1967 అక్టోబరు 12న పోయారు. యాభై ఏడేళ్లు. బ్యాంకులో డబ్బు లేదు, సొంత ఇల్లు లేదు, వారసులూ లేరు. చికిత్సలో లోపం జరిగిందా అని పార్లమెంటులో గట్టిగా ప్రశ్నలొచ్చాయి. అడగడానికి ఆయన లేరు, మిత్రులే అడిగారు.

ఎప్పుడైనా ఢిల్లీలో కన్నాట్ ప్లేస్ నుంచి పార్లమెంటు వైపు వెళుతుంటే ఆ ఆసుపత్రి కనిపిస్తుంది. ఇప్పుడు దాని బోర్డు మీద ఉన్నది డాక్టర్ రామ్ మనోహర్ లోహియా పేరే. పొద్దున్నే బీహార్, ఉత్తరప్రదేశ్ రైళ్లు దిగి వచ్చిన జనం ఓపీ చీటీల కోసం అక్కడ బారులు తీరి ఉంటారు.